దుమ్ముకు కప్పిన ముసుగు

విగ్రహాల గుమాస్తా గారు గత గురువారం ఉదయం కాలం చేశారు. పక్క వీధిలోనే ఇల్లు కనుక ఎనిమిది గంటలకల్లా కబురు అందింది. ఆయన కోడలు మా గుమ్మంలో నిలబడి, "మావయ్యగారు పోయారండి. మీకు ముందు చెప్పమన్నారు," అంది. ఎప్పుడు చెప్పమన్నారని అడిగాను. "మొన్న ఆసుపత్రిలోనండి. సోమవారం తిరగడానికి టీచరు గారు నా కోసం చూస్తూ కూర్చుంటారు, పాపం అన్నారండి." అప్పటికి గాని నాకు కళ్ళు చెమర్చలేదు.

ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఆయన్ను చూసే ఉంటారు. వెనక బకెట్టు కట్టిన సైకిలు, జేబులో రెండు పెన్నులు. మా పట్టణ పురపాలక కార్యాలయంలో ఊళ్ళోని ఇరవై మూడు విగ్రహాలు, పార్కులోని నాలుగు శిల్పాలు, టౌన్‌హాలు గోడమీది చిత్రాలు ఆయన బాధ్యత. ఆ ఉద్యోగానికి వేరే పేరుండేది. జనం పెట్టిన పేరే నిలిచింది.

మా పరిచయం ఫిర్యాదుతో మొదలైంది. నేను బాలికల హైస్కూల్లో ప్రధానోపాధ్యాయురాలిగా ఉండగా, బడి ఎదుటి విగ్రహం మెడకు ఎవరో మైకు తీగలు చుట్టారు. పురపాలక కార్యాలయానికి ఘాటుగా ఉత్తరం రాశాను. మర్నాడే ఆయన కటింగ్ ప్లయరుతో వచ్చి తీగలు విప్పారు. తర్వాత నా గదికి వచ్చి, "టీచరు గారూ, పని అయిపోయిందండి. కాకపోతే ఫిర్యాదులో గుర్తుకని ఇచ్చిన కరెంటు స్తంభం నంబరు తప్పు రాశారండి," అన్నారు. వెళ్ళి చూసుకున్నాను. తప్పే. నా తప్పు నాకు చూపించినవారిని నేను మరిచిపోను.

ప్రతి సోమవారం ఆఫీసుకు వెళ్ళే ముందు ఆయన ఊరంతా ఒక చుట్టు తిరిగేవారు. పగుళ్ళు వేలితో తడిమి చూసేవారు. రెట్టలు మెత్తటి బ్రష్షుతో కడిగేవారు. వేసిన దండ మూడో రోజున తీసేసేవారు, కుళ్ళిన పూల తడి రాతికి పడదని. ఎవరైనా వెండిరంగు డబ్బాతో వస్తే మాత్రం అంత నెమ్మదైన మనిషీ అడ్డంగా నిలబడేవారు. "రాయిని రాయిలా ఉండనివ్వండి బాబూ. మీ ఇంట్లో ముసలాయన మొహానికి ఇలాగే పూస్తారా?" అనేవారు. "విగ్రహం పెట్టడానికి వందమంది వస్తారండి. తుడవడానికి నేనొక్కణ్ణే," అని కూడా అనేవారు గాని, ఆ మాటలో నిష్ఠూరం ఉండేది కాదు. ఆయన రిజిస్టరులో, ఆఫీసు వారు ఇచ్చిన గళ్ళు కాక, తాను గీసుకున్న గడి ఒకటుండేది: చివరిసారి చూసినది ఎప్పుడు, ఎవరు. ఇరవై రెండేళ్ళలో ఆ గడి ఒక్క వారం కూడా ఖాళీ లేదు. నేను తిరగేసి చూసే చెబుతున్నాను.

అటువంటి మనిషి ఒక పొరపాటు చేశారు.

రేవుకు వెళ్ళే దారిలో లాంచీ నడిపే సరంగు విగ్రహం ఉంది. వరదలో లంకల్లో చిక్కుకున్న జనాన్ని తొమ్మిదిసార్లు గట్టుకు చేర్చి, పదోసారి వెళ్ళి తిరిగిరాని మనిషి ఆయన. పుష్కరాల ముందు ఆ రోడ్డు వెడల్పు చేశారు. కంకర, తారు, దుమ్ము. విగ్రహం పాడవుతుందని గుమాస్తా గారు ముసుగు కప్పించారు. గోనెపట్టా కప్పితే సరిపోయేది. కాని అంతమంది యాత్రికులు నడిచే దారిలో మురికి గోనె ఏం బాగుంటుందని, కొలత తీయించి కొత్త తెల్లగుడ్డ కుట్టించారు. నడుముకు తాడు కట్టి ముడి కూడా ముచ్చటగా వేశారు.

మన ఊళ్ళలో తెల్లగుడ్డ కప్పిన విగ్రహానికి ఒకటే అర్థం. ఇంకా ఆవిష్కరణ కాలేదని. పెద్దమనిషెవరో రావాలి, తాడు లాగాలి, చప్పట్లు కొట్టాలి. అందాకా ఎవరూ ముట్టుకోకూడదు. పుష్కరాలు అయ్యాక ఆయన నిచ్చెనతో వెళ్తే ఒక పార్టీ కుర్రకారు చుట్టుముట్టారు.

"ఏంటండీ, మా నాయకుడు రాకుండా మీరెలా తీస్తారు?"

"ఇది ఎప్పుడో ఆవిష్కరించిందే బాబూ. దుమ్ముకు కప్పానంతే."

"దుమ్ముకి ఇస్త్రీ గుడ్డ కప్పుతారేంటండి! మాకు తెలీదనుకున్నారా?"

రెండో పక్షం వారికి ఇది తెలిసింది. తాడు లాగాల్సింది తమ నాయకుడన్నారు. పై అధికారి ఫైలు పెట్టమన్నారు. ఫైలు పైకి వెళ్ళి, కిందికి వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళింది. ఇంతలో ఎన్నికల కోడ్ వచ్చింది. ఎక్కడా ఏ ముసుగూ తీయరాదన్నారు. అలా పద్నాలుగు నెలలు.

సరంగు భార్య ఆ రేవులోనే పూలు అమ్ముతుంది. సోమవారం సైకిలు కనబడగానే ఎదురొచ్చేది.

"ఆయ్, బాబుగారూ, ఇయ్యాలైనా తీత్తారాండి?"

"వచ్చే వారం అమ్మా."

"వరదలో పోయినప్పుడు మూడ్రోజులు గట్టుమీద ఎదురుసూశానండి. ఇప్పుడు ఎదురుగానే ఉన్నాడు, సూడ్డానికి ఈల్లేదు."

ఆ మాట ఆయన మా వరండాలో కూర్చుని చెప్పారు. చేతిలో ఫైలు. "పైవాళ్ళకి ఇంకో ఉత్తరం రాశానండి, భాష సరిచూడండి," అన్నారు. అప్పటికి ఆయన పదవీ విరమణకు రెండు నెలలుంది. నేను ఉత్తరం చదవలేదు.

"కప్పింది ఎవరండీ?" అన్నాను.

"నేనేనండి."

"ఎవరి ఆర్డరు మీద?"

"ఆర్డరెందుకండి, దుమ్ముకి కప్పడానికి?"

"మరి తీయడానికెందుకు? రెండు నెలల్లో మీరు దిగిపోతారు. ఆ తర్వాత అది దుమ్ముకు కప్పిన గుడ్డేనని చెప్పడానికి ఈ ఊళ్ళో ఎవరున్నారు?"

ఆయన ఫైలు మూసి, కాఫీ తాగకుండానే లేచి వెళ్ళారు. కటువుగా మాట్లాడానా అని ఆ రోజంతా అనిపించింది. కటువుగానే మాట్లాడాను. మరొకలా చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోను.

ఆయన దిగిపోయాక ఆ కుర్చీలో ఎవరినీ వేయలేదు. రిజిస్టరు బీరువాలో పడి ఉంది. జీతం లేకపోయినా ఆయన సోమవారాలు మానలేదు. నేనూ వెంట నడిచాను. మొన్న సోమవారం ఒక్కదాన్నే తిరిగాను. మూడు దిమ్మెల మీద అక్షరాలు రాలిపోయాయి, టౌన్‌హాలు గోడ చిత్రానికి చెమ్మ పట్టింది. అవన్నీ రాసి కమిషనరు గారికి అర్జీ ఇచ్చాను: ఒక మనిషిని వేయండి, రిజిస్టరు తెరవండి అని. వేసేదాకా వారానికొక అర్జీ అందుతుంది. నాకు డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి. చదివేవారు మీ వీధి చివరనున్న విగ్రహాన్ని ఓసారి దగ్గరగా చూసి నాకు రాయండి. ఇంత పట్టుదల ఎందుకంటారా? ఆయన సరంగు ముసుగు తీసిన రోజున నేనక్కడ ఉన్నాను.

అది ఆయన దిగిపోవడానికి ముందు ఒక సోమవారం, ఉదయం పదిన్నర. "సెలవు రోజున తీస్తే దొంగతనంలా ఉంటుందండి, ఆఫీసు వేళలోనే తీస్తాను," అన్నారు. నిచ్చెన, రిజిస్టరు తెచ్చుకున్నారు. ఇందుకు మెమో వస్తుందని ఆయనకు తెలుసు. వారంలో వచ్చింది కూడా. దానికి ఆయన రాసిచ్చిన సంజాయిషీ ఒక్క వాక్యం: కప్పినది నేను, తీసినది నేను.

కుర్రాళ్ళు పదిమంది పోగయ్యారు. "ఎవరు తియ్యమన్నారండీ?" అని ఒకడు నిచ్చెన పట్టుకున్నాడు.

ఆయన రిజిస్టరు తెరిచి దిమ్మె మీద పెట్టారు. "ఇదిగో బాబూ, కప్పినవాడి సంతకం. పక్కన తీసేవాడి సంతకం పెడుతున్నాను. తీయకూడదన్నవాళ్ళు ఆ కింద పెట్టండి, పేరు స్పష్టంగా రాసి." పెన్ను చాపారు. ఎవరూ పెన్ను అందుకోలేదు. నేను అందుకుని సాక్షిగా సంతకం చేశాను. నిచ్చెన పట్టుకున్నవాడు నా బడి పక్కవీధి వాడే. వదిలేశాడు.

గుమాస్తా గారు ఎక్కి ముడి విప్పారు, గుడ్డ జారింది. పద్నాలుగు నెలలు కప్పి ఉన్న మొహం, ఛాతీ తెల్లగా, గుడ్డ అందని కాళ్ళు బస్సుల పొగకు నల్లగా ఉన్నాయి. సరంగు భార్య పూలబుట్ట దించి తలెత్తి చూసింది.

"ఇదేంటండీ బాబూ, మా ఆయన తెల్లబడిపోయాడు!"

"నీడపట్టున ఉన్నారు కదమ్మా," అన్నారు గుమాస్తా గారు, గుడ్డను నాలుగు మడతలు పెడుతూ.

ఆమె నవ్వుతూనే దండ పట్టుకుని దిమ్మె మెట్టు ఎక్కబోయింది. మెట్టు ఎత్తు, పట్టుకోవడానికేమీ లేదు. లాంచీలోకి మనుషులను ఎక్కించుకుంటున్నట్టు కిందికి చాచిన రాతి చేయి అక్కడ ఉంది. ఆమె ఆ వేళ్ళు పట్టుకుని, ఒక కాలు పైన పెట్టి, రెండోది నేలమీద నుంచి తీసింది.