వెనకవైపు వేసిన రంగులు

వసుమతికి ఇంగ్లీషు నేర్పింది ఒక ఎలుగుబంటి. ఈ మాట ఆమే చెబుతుంది, అదీ నవ్వకుండా చెబుతుంది.

పెళ్ళయి చాండ్లర్ వచ్చిన కొత్తలో ఆమెది డిపెండెంట్ వీసా. ఎమ్మెస్సీ చదివినా ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. గుమ్మం దాటితే నిప్పులు చెరిగే అరిజోనా ఎండ. భర్త శశికాంత్ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఆమె, ఒళ్ళో పసిపిల్ల అదితి, ఎదురుగా టీవీ. అందులో మధ్యాహ్నం పూట ‘మూన్‌సైడ్ గరాజ్’ అని ఓ పాత కార్టూన్ సీరియల్ వచ్చేది. బార్నబీ అనే ఎలుగుబంటి మెకానిక్ రోజూ నిచ్చెనెక్కి, పాడైపోయిన చందమామని బాగుచేసి దిగేవాడు. ప్రతి మాటా విడమరిచి, నిదానంగా పలికేవాడు. కిరాణా కొట్లో, డాక్టరు దగ్గర వసుమతి ధైర్యం చేసి మాట్లాడిన మొదటి ఇంగ్లీషు ముక్కలన్నీ వాడివే.

ఆ తర్వాత వీసా మారింది, ఉద్యోగం వచ్చింది, అదితి కాలేజీలో చేరింది. ఎలుగుబంటి మీద ప్రేమ మాత్రం పోలేదు. “గురుదక్షిణ ఇచ్చుకోవద్దూ?” అంటూ ఆ సీరియల్ మీద సొంతంగా డాక్యుమెంటరీ తీయడం మొదలుపెట్టింది. శనాదివారాలన్నీ దానికే ధారపోసింది. “అందరి పెళ్ళాలూ ఇల్లు కొందామంటారు. మా ఆవిడ ఎలుగుబంటిని పెంచుకుంటోంది” అని శశికాంత్ పార్టీల్లో ఏడిపించేవాడు.

సినిమా దాదాపు పూర్తయింది గానీ అందులో జీవం లేదని ఆమెకే తెలుస్తోంది. సీరియల్ దర్శకుడు పోయాడు, సంగీతం చేసినాయన పోయాడు, ఎలుగుబంటికి గొంతిచ్చినాయనా పోయాడు. చేసినవాళ్ళలో ఒక్కరైనా కనిపించి మాట్లాడకపోతే అదేం సినిమా? ఆమె ఆశ వదులుకోబోతున్న సమయంలో అభిమానుల గ్రూపులో ఎవరో రాశారు: “మా మేనత్త రోజ్‌మేరీ దానికి రంగులేసేది. మెసాలో ఉంటోంది.” మెసా అంటే చాండ్లర్ పక్క ఊరే!

వసుమతి రెక్కలు కట్టుకుని వాలింది. తొంభైకి దగ్గర పడ్డ రోజ్‌మేరీ మర్యాదగా కూర్చోబెట్టి ఐస్‌డ్ టీ ఇచ్చింది. “కెమెరా ముందుకి మాత్రం రానమ్మా, ఏమీ అనుకోకు” అంది.

వసుమతి సంబరంగా ఇంటికొచ్చింది. “ఒప్పుకున్నట్టేనే!”

“అమ్మా, షీ సెడ్ నో. నో అంటే నో. మళ్ళీ అడగొద్దు నువ్వు” అంది అదితి.

“అది మొహమాటమే పిచ్చిదానా. మనిళ్ళల్లో వద్దన్నవాళ్ళకి ఇంకో గరిటె వడ్డించకపోతే ఊరుకుంటారా? అన్నం పెట్టకుండా పంపారని ఊరంతా చెప్పుకోరూ?”

తర్వాతి శనివారం కెమెరా, లైట్లు, ఓ డబ్బా పులిహోరతో మళ్ళీ ఆ గుమ్మంలో ప్రత్యక్షమైంది. రోజ్‌మేరీ తలుపు సగమే తీసింది.

“వద్దని చెప్పాను. నా మాట అర్థం కాలేదా, లేక లెక్కలేదా?”

వసుమతి మొహం జేవురించింది. సామానంతా కారులో పడేసి, ఆవిడకి చూపిద్దామని తెచ్చిన ఒక్క బొమ్మ మాత్రం పట్టుకుని తిరిగొచ్చింది. అది సీరియల్ కోసం వేసిన అసలు బొమ్మే, పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు మీద బార్నబీ, చందమామ. అభిమానుల దగ్గర బతిమాలి సంపాదించుకుంది.

“క్షమించండి మేడమ్. మావాళ్ళు మొదటిసారి వద్దంటే అది వద్దు కాదు. ఆ అలవాటుతోనే వచ్చాను. తప్పు నాదే. ఇది మీకిచ్చి వెళ్ళిపోతాను.”

రోజ్‌మేరీ రేకు అందుకుంది. బొమ్మ వైపు చూడనే లేదు. టక్కున వెనక్కి తిప్పి, రంగు మీద వేళ్ళు నెమ్మదిగా నడిపించింది. కోపం ఎటు పోయిందో!

“ఇది లొరేన్ పని. రంగు ఇలాగే మందంగా పోసేది, రోజూ తిట్లు తినేది” అంది. “లోపలికి రా.”

కూర్చోబెట్టి ఆవిడే చెప్పుకొచ్చింది. ఇలాంటి రేకుకి గీతలు ముందువైపు ఉంటాయి, రంగు వెనకనుంచి వేస్తారు. పొద్దస్తమానం బల్లల ముందు వంగి రంగులేసింది ఆడవాళ్ళే. లొరేన్, ఎప్పుడూ కూనిరాగం తీసే జూన్, కడుపుతో ఉండీ మానకుండా వచ్చిన డొలోరెస్. ఒక్కరి పేరూ తెర మీద పడలేదు.

“మేం చూసిందంతా వెనకవైపే” అంది రోజ్‌మేరీ. “మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ. కలర్ టీవీ కొనే స్తోమత వచ్చేసరికి సీరియల్ ఆగిపోయింది. తర్వాత చాలా ఏళ్ళకి మళ్ళీ వేస్తున్నారని తెలిసేనాటికి కళ్ళు పోయాయి. అలవాటైన ఇల్లు గనక తడుముకోకుండా తిరుగుతాను, అందుకే నీకు తెలీలేదు. నేను చూడనిదాని గురించి నీ కెమెరాకి ఏం చెప్పను?”

టీవీలో ఆ నీలం ఆకాశం ఎదురుగా లేకపోతే ఆ మొదటి ఏళ్ళు వసుమతికి గడిచేవే కావు. దాన్నేదో కంపెనీ చేసిందనుకుంది. ఇంతమంది చేతులు చేశాయి, ఆ చేతులవాళ్ళు దాన్ని చూసుకోనైనా లేదు! ఆ ముసలి వేళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

“ముందువైపు ఎలా ఉంటుంది?” అడిగింది రోజ్‌మేరీ.

వసుమతి చెప్పింది. పొద్దుగూకే ఆకాశం నీలం ఎలా చిక్కబడుతుందో, బాగైన చందమామ వెలుగు బార్నబీ చెవుల మీద ఎలా పడుతుందో, ఒక్కో రంగూ విడమరిచి, నిదానంగా చెప్పింది. రోజ్‌మేరీ కళ్ళు మూసుకుని విన్నది. చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకోలేదు.

“నా మొహం వద్దు” అంది చివరికి. “మా పేర్లు చెప్పు. చెవులు బాగానే ఉన్నాయి, వచ్చి వింటాను.”

చాండ్లర్ లైబ్రరీ హాల్లో సినిమా వేశారు. అభిమానులూ, ఆఫీసువాళ్ళూ, తెలుగు స్నేహితులూ వచ్చారు. రోజ్‌మేరీని అదితి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆఖరున తెర మీద ఏ మొహమూ రాలేదు. ఆ రేకు వెనకవైపే నిండుగా నిలిచింది, ఎగుడుదిగుడు రంగు ముద్దలతో. దాని మీద వసుమతి గొంతు ఒక్కో పేరూ పలికింది. లొరేన్. జూన్. డొలోరెస్. రోజ్‌మేరీ.

బడిలో హాజరు పలికినట్టు ఆవిడ చెయ్యెత్తింది. లైట్లు వెలిగాయి. ఆ చెయ్యి అలాగే ఉంది. చప్పుడు చేయకుండా ఒకరి తర్వాత ఒకరు, హాలంతా లేచి నిలబడింది.

ఆవిడ వసుమతి వైపు తల తిప్పి నెమ్మదిగా అడిగింది. “ఎవరైనా చూస్తున్నారా?”

“అందరూ చూస్తున్నారు మేడమ్” అంది వసుమతి.