బడి నీళ్లకు ఇద్దరి వంతు

మా తమ్ముడు పోయాడన్న కబురు ఉదయం కుళాయి వచ్చే వేళకు వచ్చింది. అప్పుడు పలాసలో మా పెరట్లో మా పుట్టింటి ఊరి భార్యాభర్తలిద్దరు డబ్బాల్లో నీళ్లు పడుతున్నారు. ఊళ్లో బడిపిల్లలు తాగడానికి ఆ నీళ్లు. ఆ రోజు వాళ్ల వంతు.

విశాఖపట్నం ఆసుపత్రి నుంచి మరదలు ఫోన్ చేసింది. "వదినా, అయిపోయింది" అంది. నేను పెరట్లోకి వెళ్లి చెప్పాను. ఆ అమ్మాయి గొల్లుమని కుళాయి కట్టేసింది. ఆమె భర్త తనే మళ్లీ విప్పాడు.

"నిండనీ. ఇయ్యాల ఈ నీళ్లాగిపోతే ఆడు పైనుండి మనల్ని తిడతాడు" అన్నాడు.

తమ్ముడు నాకన్నా పదకొండేళ్లు చిన్న. అమ్మ జీడిపప్పు పనికి వెళ్తే చంకనేసుకుని తిప్పింది నేనే. నడక రాకముందే నా జడ పట్టుకుని లేచి నిలబడేవాడు. వాడి గురించి నేను రాయవలసి వస్తుందనుకోలేదు.

ఉద్దానం తెలియనివారికి ఒక మాట. కొబ్బరి తోటలు, జీడి తోటలు, వాటి మధ్య మా ఊళ్లు. చూడ్డానికి పచ్చగా ఉంటాయి. లోపల కిడ్నీ జబ్బు. అది ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లే అంటారు కొందరు, కాదంటారు కొందరు. మా ఊళ్లో మనిషి మనిషికి ఎదురైతే "క్రియాటిన్ ఎంతున్నాది?" అని రక్తపరీక్షలో వచ్చిన కిడ్నీ అంకె అడుగుతారు. తొంభైల చివర్లో నాన్న దానితోనే పోయారు. ఆ తరువాత అదే వీధిలో ఒకరి వెంట ఒకరు.

నాన్న సంవత్సరీకాలు అయిన వారంలోనే తమ్ముడు బడి అరుగు మీద తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టాడు. పండక్కని నేను ఊళ్లోనే ఉన్నాను. వాడి భుజం మీద పెద్దపిల్ల నిద్రపోతోంది.

"మనకి రాసిపెట్టింది మనకొత్తాది. ఈ పిల్లగుంటలు తాగే నీళ్లైనా మార్సుదాం. పలాసలో మా అప్ప ఇంట్లో మంచి నీళ్లొత్తాయి. రోజుకో ఇల్లు ఎల్లి తెద్దాం" అన్నాడు నన్ను చూపిస్తూ.

"పలాస నీళ్లు తాగితే జబ్బు రాదని నీకెవడైనా కాయితం రాసిచ్చినాడేటి?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"లేదు మావా. ఈ నూతి నీళ్లు తాగితే రాదనీ రాసివ్వలేదు కదా."

అందరూ నవ్వారు. అప్పుడు గోడవారన నిలబడ్డ మరదలు ముందుకొచ్చింది. "మగోళ్లకే వదిలేత్తే పది రోజులు తెత్తారు, పదకొండో రోజు బండి పాడైందంటారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఎల్లాలి. పిల్లకి ఇద్దరం కాదేటి?" అంది.

అదే నియమమైంది. బండి మీద ఇద్దరూ రావాలి. ఒక్కరే వస్తే ఆ వంతు చెల్లదు, మర్నాడు మళ్లీ రావాలి. భర్త పోయినవాళ్ల వంతుకు ఎవరు తోడు వెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. మా ఊళ్లో అది చిన్న ప్రశ్న కాదు. ఆ వంతులకు తమ్ముడూ మరదలూ వాళ్లతో కలిసి వెళ్లేవారు.

అలా ఏడెనిమిదేళ్లు మా పెరట్లోకి మా ఊళ్లోని తల్లిదండ్రులందరూ వచ్చారు. దీపం పెట్టి నేను లేచేసరికి గేటు చప్పుడయ్యేది. మాట్లాడుకోని జంటలు కూడా వచ్చేవి. ఒకసారి ఒకతను కుళాయి దగ్గర కూర్చుని నాతో గోడు వెళ్లబోసుకున్నాడు.

"దీనితో బండెక్కడం కన్నా సంద్రంలో దూకడం నయం, అప్పా."

"దూకు. ముందు డబ్బా దించి మరీ దూకు" అంది అతని భార్య, వెనక్కి తిరగకుండానే.

వెళ్లేటప్పుడు ఆమె ఒక చేత్తో డబ్బా, రెండో చేత్తో అతని చొక్కా పట్టుకుని కూర్చుంది. ఇది చెప్తే తమ్ముడు చాలా సంబరపడ్డాడు. "నీళ్లు మోయించడం సగమే అప్పా. మిగతా సగం అదే" అన్నాడు. అమ్మానాన్నలు ఒక పనికి కలిసి వంగడం పిల్లలు చూడాలని వాడి కోరిక. ఇంతకన్నా పెద్ద మాటలు వాడు మాట్లాడలేదు.

ఇక నేను చెప్పవలసింది ఒకటి ఉంది.

తమ్ముడు తన వంతుకే కాక ఇతరుల వంతులకూ వచ్చేవాడు. బండి పాడైన రోజుల్లో సైకిల్ మీద తెచ్చిన సందర్భాలున్నాయి. నడుము పట్టేసేది. "అప్పా, ఓ నొప్పిబిళ్ల ఇయ్యి" అనేవాడు. నాకు మోకాళ్ల నొప్పులు. అలమరలో బిళ్లలు ఎప్పుడూ ఉండేవి. కాఫీతో పాటు ఇచ్చేదాన్ని. ఒక్కోసారి వాడు అడగకముందే ఇచ్చాను. పనికి పోయేవాళ్లందరూ మింగేవే కదా అనుకున్నాను.

వాడి కాళ్లు వాచాయి. టెక్కలిలో రక్తం పరీక్ష చేయించారు. అంకె చూసి మరదలు ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. విశాఖపట్నం తీసుకెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. డాక్టరు అన్నీ అడిగి రాసుకుంటూ, "నొప్పిబిళ్లలు వాడే అలవాటుందా? అవి కిడ్నీకి మంచివి కావు" అన్నారు.

తమ్ముడు నా వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"లేదండి" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నా చెయ్యి నొక్కాడు. బయటికొచ్చాక మెట్ల మీద నిలబెట్టి అడిగాను, "ఎందుకురా అలా చెప్పావు?" అని.

"మరేటి సెప్పమంటావు? మా అప్ప ఇచ్చింది, రాసుకోండి అనాలా? నాన్నకి నువ్వు బిళ్లలిచ్చినావా? పక్కింటాయనకిచ్చినావా? ఊరుకో."

నేను తిరిగి లోపలికి వెళ్లి డాక్టరుకు నిజం చెప్పాను. ఆయన రాసుకుని, ఇకమీదట వద్దన్నారు. వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. వాడికి జబ్బు వచ్చింది నా బిళ్లల వల్లనా, మా ఊరి వల్లనా, నాకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు. రోజూ దీపం ముందు కూర్చుంటాను. క్షమించమని అడగబోతే వాడి "ఊరుకో" వినబడుతుంది. ఊరుకుంటాను.

డయాలసిస్ మొదలయ్యాక కూడా వంతు మానలేదు. మరదలు బండి నేర్చుకుంది. ఆమె నడుపుతుంటే వెనక కూర్చుని వచ్చేవాడు. డబ్బా ఎత్తలేడు. మూతలు పట్టుకుని నిలబడేవాడు.

"ఇంట్లో ఉండొచ్చు కదరా" అన్నాను.

"మూత పెట్టడానికైనా ఓ మనిషి ఉండాలి కదప్పా. లేకపోతే దీనికి వంతు సెల్లదు."

"సెల్లకపోతే రేపు మళ్లీ వత్తాను, నీకేటి? ఎక్కు, ఎండొచ్చేత్తంది" అని మరదలు కసిరింది. వాడు ఎక్కి ఆమె భుజం పట్టుకున్నాడు. మా వీధి మలుపు దాకా నవ్వుకుంటూనే వెళ్లారు. మా పెరట్లోకి వాడు రావడం అదే చివరిసారి.

పన్నెండో రోజు కార్యమైన మర్నాడు, పలాస తిరిగి వచ్చే ముందు, నేను బడి వైపు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి పలాస నీళ్ల కుండ చుట్టూ చేరారు. మా చిన్న మేనకోడలు కూడా వాళ్లలో ఉంది. దానికి ఏడేళ్లు. పంతులుగారు లోటాతో పోస్తుంటే దోసిలి పట్టి తాగింది. మిగతావాళ్ల లాగే గబగబా తాగి, మూతి గౌను అంచుకు తుడుచుకుని, ఎవరో పిలిస్తే పరుగెత్తింది. దాని మోచేతుల మీంచి కారిన నీళ్లు ఇసుకలో చిన్న మడుగు కట్టాయి. ఆ చోటే ఇంకో పిల్ల వచ్చి దోసిలి పట్టింది. తరువాత ఇంకొకడు. ఇసుక ఇంకా ఆరకుండానే మళ్లీ తడుస్తోంది.