ఏడు దిమ్మల గ్రామసేవిక

ఆ రోజుల్లో లావుగా ఉండటం మంచిది కాదని మా చోడవరంలో ఎవరికీ తెలియదు. తెలిసినా ఒప్పుకునేవారు కాదు. చుట్టూ చెరకు తోటలు, ఇంటి వెనక బెల్లం పెనం ఉన్న రైతు ఇంట్లో పిల్ల సన్నగా ఉంటే ఊళ్ళోవాళ్ళు ఆ పిల్లని కాదు, ఆ ఇంటిని ఆడిపోసుకునేవారు. అందుచేత మా మామ్మ (నాన్నకి తల్లి) మా ఇంటి పరువంతా నా ఒంటి మీదే నిలబెట్టింది. పొద్దున్న చద్దన్నంలో బెల్లం ముక్క, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, సాయంత్రం చెరకు పాకంలో ఉడికిన చిలగడదుంపలు. పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి నేను గుమ్మంలో నిలబడితే గదిలో దీపం పెట్టుకోవాల్సి వచ్చేది. నాకేమీ దిగులు లేదు, గ్రామసేవిక ఉద్యోగం కాగితం చేతికి వచ్చేదాకా.

బ్లాకు ఆఫీసువాళ్ళు కొత్తగా ఆడపిల్లల్ని ఉద్యోగాల్లోకి తీసుకుంటున్న రోజులవి. సైకిలు మీద ఊరూరా తిరిగి తల్లులకి పిల్లల తిండి గురించి, శుభ్రత గురించి చెప్పాలి. ఎస్సెల్సీ ప్యాసై ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నాకు ఆ ఉద్యోగం కన్నా ఆ సైకిలు మీద మనసు పడింది. బుచ్చయ్యపేట దాకా, రోలుగుంట దాకా ఒక్కదాన్నే వెళ్ళి రావచ్చు, ఎక్కడికే అని అడిగేవాళ్ళుండరు. ఇంటర్వ్యూ గట్టెక్కింది. మిగిలింది డాక్టరు సంతకం ఒక్కటే. పట్నంలో లేడీ డాక్టరు నన్ను తూకం మిషను మీద నిలబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మరోసారి చూసింది. "అమ్మాయ్, రెండు మెట్లెక్కి ఇలా రొప్పుతున్నావు, సైకిలేం తొక్కుతావు? మూడు నెలలు గడువిస్తున్నాను. ఇరవై పౌన్లు తగ్గి రా, సంతకం పెడతాను. లేకపోతే ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి పోతుంది. అన్నం, బెల్లం, దుంపలు మానెయ్. గుడ్లు, చేపలు, పప్పు, కూరలు, మజ్జిగ తీసుకో. పది రోజులకోసారి వచ్చి కనపడు" అంది. (ఈ చివరి మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు.)

మా ఇంట్లో మనుషుల్ని తూచే మిషను ఎక్కడిది? ఉన్నదల్లా బెల్లం దిమ్మలు తూచే పెద్ద కాటా. దాన్ని చూసుకునే మా చిన్నాన్నకి కాటా చిన్నాన్న అనే పేరు స్థిరపడిపోయింది. ఆయన నన్నొక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో ఒక్కొక్క దిమ్మే పెడుతూ పోయాడు. ఏడో దిమ్మకి నేను నేల మీంచి లేచాను. "ఏడు దిమ్మలహో!" అని చిన్నాన్న అరిచాడు. పెనం దగ్గర కూలీలు పని ఆపి చప్పట్లు కొట్టారు. ఇరవై పౌన్లంటే దరిదాపు ఒక దిమ్మ అని నాన్న తేల్చాడు. అంటే నేను ఆరుకి దిగాలన్నమాట.

ఆ రోజు నుంచే అన్నం మానేశాను. ఎలా మానేశానంటే, మావాళ్ళు శనివారం ఉపవాసాలు చేసినట్టు. మా లెక్కలో అన్నం ముట్టకపోతే చాలు, మిగిలినవన్నీ ఫలహారమే. "డాకటరమ్మ అన్నం మానీమంది గానీ రొట్టి మానీమందేటే?" అని మామ్మ మందపాటి దిబ్బరొట్టి నా ముందు పెట్టేది. మర్నాడు ఉప్పిండి, ఆ మర్నాడు అటుకులు. చిలగడదుంపలు చూసి నేను కాస్త జంకితే, "ఆవిడ సెప్పింది ఇంగిలీసు దుంపలే. ఇయి మన దుంపలు, తిను" అంది. నేను నమ్మాను. నమ్మడం అంత రుచిగా ఉండేది మరి. నెల తిరిగాక కాటా ఎక్కితే ఏడు దిమ్మలకి నేను నేల వదల్లేదు. చిన్నాన్న ఇంకో దిమ్మ పగలగొట్టి పావు ముక్క పైన పెడితే గానీ కదల్లేదు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

ఆ పూట ఏడ్చాను. ఏడ్చాక పంతం వచ్చింది. రొట్టి, అటుకులు, దుంపలు అన్నీ ఒక్క దెబ్బతో కట్. అంతటితో ఆగితే బాగుండేది. డాక్టరు తినమన్న పప్పూ కూరలూ కూడా మానేసి, గుడ్లూ చేపలతో సరిపెట్టి, చివరికి ఉప్పు కూడా తీసేశాను (తెలివి ఎక్కువైతే ఇలాగే ఉంటుంది). మూడు వారాలకి ఆరున్నర దిమ్మలు! చీరకి రెండు కుచ్చిళ్ళు ఎక్కువొచ్చాయి. కానీ తల పగిలిపోయేది, పిక్కలు పట్టేసేవి, పెరటి వైపు వెళ్ళాల్సిన అవసరం వారానికోసారి కూడా వచ్చేది కాదు. "నీ నోట్లో ఏటే, ముగ్గిపోయిన పండు వాసనొస్తంది?" అని మామ్మ ముక్కు మూసుకునేది. అన్నిటికన్నా కోపం ఎక్కువైంది. ఒకనాడు మామ్మ అలవాటుకొద్దీ వేడి బెల్లం గిన్నెతో వస్తే, "నీ బెల్లం వల్లే నా ఉద్యోగం పోతంది! నన్నిలా సంపుకు తింతన్నావేటి?" అని పెనం దగ్గర అందరూ వింటుండగా అరిచాను. మామ్మ గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

మరో నాలుగు రోజులకి కాటా దిగుతుంటే కళ్ళు బైర్లు కమ్మి చెరకు పిప్పి కుప్పలో వెల్లకిలా పడ్డాను. నాన్న హడలిపోయాడు. "ఉద్యోగం నేదు గిద్యోగం నేదు. రేపట్నించి అన్నం తింతావు, అంతే" అన్నాడు. నా సైకిలు, నా రోడ్లు, అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయనుకున్నాను. అప్పుడు అడ్డం వచ్చింది ఎవరనుకున్నారు? మామ్మే. "ఉండరా! ముందు ఆ డాకటరమ్మని అడుగు. గుంట ఇన్నాళ్ళు పడ్డ కష్టం నీ నోటిమాటతో పోవాలేటి?" అంది.

డాక్టరు నన్ను చూసి తల పట్టుకుంది. "పది రోజులకోసారి ఎందుకు రమ్మన్నాననుకున్నావు? మొదట అంత తొందరగా తగ్గింది కొవ్వు కాదు, చాలా మటుకు నీళ్ళే. ఉప్పు మానెయ్యమని ఎవరు చెప్పారు? ఈ పథ్యం పనిచేస్తుంది, కాదనను. కానీ అడక్కుండా చేస్తే కొంపలు ముంచుతుంది. షుగరుకి మందు వాడేవాళ్ళో, కడుపుతో ఉన్నవాళ్ళో అయితే ప్రాణం మీదికే వస్తుంది. పగలు ఒక గుప్పెడు అన్నం తిను. పప్పు, కూరలు బాగా తిను. ఉప్పేసిన మజ్జిగ తాగు, రోజూ నడువు. బతికినన్నాళ్ళూ తినగలిగే తిండితో తగ్గితేనే అది తగ్గడం" అంది.

ఇంటికొచ్చాక గుప్పెడంటే ఎవరి గుప్పెడు అని పంచాయితీ అయింది. మామ్మ గుప్పెడు నావి నాలుగు గుప్పెళ్ళంత. నాన్న తీర్పు నా వైపే చెప్పాడు. ఆనాటి నుంచి మామ్మే నాకు కాపలా. పొద్దున్నా సాయంత్రం రావికమతం రోడ్డు మీద నా వెంట నడిచేది, మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చుని తినేది. గడువు చివరి రోజున కాటా చిన్నాన్న ఆరో దిమ్మ పెట్టీ పెట్టకముందే నేను గాల్లోకి లేచాను. పట్నంలో డాక్టరు మిషను చూసి, "ఇరవై రెండు పౌన్లు! శభాష్" అని సంతకం గీసింది. ఆ గీత కన్నా అందమైన అక్షరం నేను అంతవరకూ చూడలేదు. బస్సు దిగింది మొదలు మామ్మ నడక చూడాలి! "ఏటి మామ్మా, గుంట ఇలా సిక్కిపోనాది, సుస్తీ సేసిందేటి?" అని ఎవరో అడిగారు. "సుస్తీ కాదే, సర్కారీ ఉద్యోగం!" అని వీధంతా వినిపించేలా చెప్పింది.

ఉద్యోగంలో చేరే రోజు బయల్దేరుతూ మామ్మ కాళ్ళకి దండం పెట్టాను. అక్షింతలు వెయ్యడానికి చెయ్యెత్తి దించేసరికి ఆవిడ వెండి మురుగు మణికట్టు మీంచి జారి, వేళ్ళు దాటి, ఖణేలుమని నేల మీద పడింది. "ఇదేటి మామ్మా, ఇంత సిక్కిపోయేవు?" అన్నాను. మామ్మ మొహం తిప్పుకుంది. చెప్పింది మా అమ్మ. "నువ్వు అరిసిన రోజు నించీ ఆవిడ బెల్లం ముట్నేదే. అన్నం కూడా నీతో పాటు గుప్పెడే. గుంట ఎదర కూకుని నేనెలా తిననూ అంది." రోజూ నా కళ్ళెదుట కూర్చుని తిన్న మనిషి కంచంలో ఏముందో అన్నాళ్ళూ నేను ఒక్కసారి కూడా చూడలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడవకే, సైకిలు మీంచి పడిపోతావు" అని మామ్మే నా కళ్ళు తుడిచింది.

ఆ సైకిలు మీద తిరగని ఊరు లేదు, చెప్పని తల్లి లేదు. ఇప్పుడు నాకు అప్పటి మామ్మ వయసు దాటింది. పోయిన బరువంతా ఎప్పుడో దారి కనుక్కుని తిరిగొచ్చింది. మనవరాలు నా ఎదురుగా కూర్చుని, "తగ్గించు నానమ్మా" అంటుంది. అలాగేనంటాను. కానీ చెయ్యి కడుక్కుని కూర్చున్నాక నేను మొదట చూసేది నా కంచం కాదు, దానిది.