అక్క ఊరు బూడిద కింద ఉంది

మా తోడికోడలు పోయిన మంగళవారం కాకినాడలో కన్నుమూసింది. బావగారు ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా" అన్నారు. 

నేను అక్కా అని పిలిచే ఆవిడది ఫిలిప్పీన్స్. ఒమన్‌లోని సలాలా ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ, రైసూత్ పోర్టులో ఇంజనీరైన మా బావగారిని పెళ్లి చేసుకుంది. ఎనభై తొమ్మిదిలో నేను కొత్త కోడలిగా అక్కడికి వెళ్లాను. కింది వాటాలో వాళ్లు, పై వాటాలో మేము. బావగారు పెద్దవాళ్లతో ఫోన్లో మాట్లాడుతుంటే విని నేర్చుకున్న తెలుగు కాబట్టి అక్కకి అందరూ 'మీరే'. పాల కోసం వచ్చే పిల్లిని కూడా "రండి, కూర్చోండి" అనేది. అమ్మ దగ్గర లేని నాకు మొదటి కాన్పులో పురుడు పోసింది అక్కే. చారు పెట్టి తెచ్చి, "మిరియాలు ఎక్కువయ్యాయండి, ఏడవకండి" అంది.

తొంభై ఒకటి జూన్‌లో, ఫిలిప్పీన్స్‌లో అక్క వాళ్ల ఊరి దగ్గరి కొండ పేలింది. టీవీ వార్తల్లో నల్లటి పొగ చూశాం. తాతల తాతలకి కూడా అది మామూలు కొండేనట. కట్టెలకి వెళ్లేవారు, దాని వాగుల్లో బట్టలు ఉతుక్కునేవారు. "అందరూ కొండ అన్నారు. నిప్పు అని ఎవరూ అనలేదండి" అంది అక్క. ఫోన్లు కలవలేదు. డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా ఫోన్ పక్కనే కూర్చునేది.

ఇంతలో సలాలాలో ఖరీఫ్ మొదలైంది. మనకి ఖరీఫ్ అంటే పంట, అక్కడ వానాకాలం. ఎడతెగని సన్న తుంపర. అందులో తడవడానికే మస్కట్ నుంచి జనం వస్తారు. ఆ తుంపరలోనే ఒక మధ్యాహ్నం అక్క తమ్ముడి ఫోన్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. అక్క చాలాసేపు వింది. ఏడవలేదు. ఫోన్ పెట్టేసి, చీపురు తీసుకుని డాబా ఎక్కింది. వెనకే వెళ్లాను. నిలిచిన నీళ్లు ఊడుస్తూ, ఆగి ఆగి చెప్పింది.

ఇంట్లో అందరినీ లారీ ఎక్కించి, పందుల్ని వదల్లేక వాళ్ల నాన్న ఆగిపోయాడట. రేపు వస్తానన్నాడట. ఆ రోజే తుఫాను కూడా వచ్చింది. పైనుంచి రాలే బూడిద వానకి తడిసి, కప్పు మీద అడుసులా పేరుకుంది. ఆ బరువుకి కప్పు ఆయన మీద కూలిపోయింది.

"ఇది స్లాబు అక్కా, ఏం కాదు" అన్నాను.

"తెలుసండి" అంది. ఊడుస్తూనే ఉంది.

ఆ తర్వాత ప్రతి ఖరీఫ్‌లోనూ అంతే. ఊరంతా పచ్చబడిన కొండల మీదికి పిక్నిక్కులకి పోతుంటే అక్క డాబా మీద ఉండేది. మొదట్లో బావగారు చీపురు లాక్కునేవారు. తర్వాత ఆయనే రెండో చీపురు కొన్నారు.

అక్కడ కొండవాలున మిగిలిన బూడిద ఏటా వానలకి బురదై కిందికి దిగేది. తొంభై ఐదులో ఆ బురద ఊరినే కప్పేసింది. వాళ్ల అమ్మా, తమ్ముడూ ముందే వేరే ఊరు చేరారు. ఇల్లూ, శ్మశానమూ, అందులో నాన్న సమాధీ అడుగున పడిపోయాయి. మరుసటి ఏడు నవంబరులో, వాళ్లు చనిపోయినవాళ్లకి దీపాలు పెట్టే రోజుకి అక్క వెళ్లింది.

తిరిగొచ్చాక, ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. సమాధి రాళ్లు కనబడలేదట. గట్టిపడిన బూడిదరంగు మైదానం. సగం పూడిపోయిన చర్చికి కిటికీలే గుమ్మాలయ్యాయట. ఎవరికి తోచిన చోట వాళ్లు కొవ్వొత్తి వెలిగించారు. అక్క కూడా ఒకచోట వెలిగించి కూర్చుంది. పక్కనున్న ముసలావిడ, "మీ నాన్న నా కొవ్వొత్తి కింద ఉన్నాడేమో. మా ఆయన నీ దాని కింద ఉన్నాడేమో. రెండూ చూస్తుండమ్మా" అందట.

లేచేసరికి చుట్టూ దీపాలే. ఎక్కడ అడుగు పెడితే ఎవరి మీద పడుతుందో తెలియదు. అందరూ చెప్పులు విప్పి చేత పట్టుకున్నారట. ఆ దీపాల మధ్యనుంచి మెల్లగా రోడ్డు వైపు నడిచారట.