మూడు పొట్టల పడవ

నాయన పడవ ఎప్పటికీ పూర్తి కాకూడదని నేను కోరుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మిల్లులో ఫిట్టరుగా రిటైరయ్యాక నాయన తమిళ ఊరైన సూలూరులోని మా పాత మగ్గాల షెడ్డు ఖాళీ చేసి అందులో పడవ కట్టడం మొదలుపెట్టాడు. నడుమ పెద్ద పడవ, అటూ ఇటూ చేతుల్లాంటి దూలాలకు బిగించిన రెండు సన్నటి పడవలు. చేతులు మడిస్తే అంతా ట్రెయిలరు మీద పట్టేస్తుంది. విప్పితే అలల మీద బోర్లా పడకుండా నిలుస్తుంది.

"ఈ మూడు పొట్టల దాన్ని ఏ చెరువులో ఇడుస్తావురా?" అనేది అవ్వ.

"అండమాను పోతానమ్మా. ఒక్కణ్ణే."

ఆయన నవ్వుతూనే అనేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. సముద్రం గురించి నేను చదివిన కథల్లో ఒంటరిగా వెళ్లినవాళ్లు తిరిగి రావడం తక్కువ.

పడవను మొదట కాస్త దూరం నడిపి చూడ్డానికి తూత్తుకుడి బయలుదేరే ముందురోజు అవ్వ పడవలోని ప్రతి కీలుకూ పసుపూ గంధమూ కలిపి ముద్దగా పెట్టింది. ఆయుధ పూజకు మా ఇళ్లలో మగ్గాలకు అలాగే పెడతారు. నాయన వద్దనలేదు.

తూత్తుకుడి ఒడ్డున పడవ కుడి చేయి సులువుగా విచ్చుకుంది. ఎడమది కదల్లేదు. మిల్లు అలవాటు కొద్దీ నాయన కీళ్లలో వెంట్రుకంత సందే ఉంచాడు. ఎడమ కీలుకు అవ్వ మందంగా పెట్టిన గంధం ఆ సందులోకి దిగి, ఎండి రాయైపోయింది.

తోడు రావడానికి ఒప్పుకున్న జాలరి తమిళంలో అడిగాడు: "ఏందన్నా, నీ పడవకి పక్షవాతమా?"

ఇక ఇంటికే అనుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో. అంతలో నాయన వైపు చూశాను. సుత్తి ఎత్తాడు గాని కొట్టలేకపోయాడు. దాన్ని కింద పెట్టి, తాను నున్నగా తోమిన ఆ దూలాన్ని అరచేత్తో నిమురుతున్నాడు.

జడలోని పిన్ను తీసి, సందులో నీళ్లు పోసి గీకడం మొదలుపెట్టాను.

"మెల్లిగా కణ్ణు, పెయింటు పోతాది."

"పోతే మళ్లా పూసుకుందాంలే నాయనా."

చాలాసేపు పచ్చటి నీళ్లు కారాయి. అప్పుడు చేయి విచ్చుకుంది.

నాయనా జాలరీ పడవెక్కి వెళ్లారు. తెరచాప చిన్నదై కనిపించకుండా పోయింది. ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది, ఒక్క వాక్యమూ తలకెక్కలేదు. ఎండ నడినెత్తికొచ్చాక తెరచాప మళ్లీ కనిపించింది. పడవ ఏమాత్రం ఒరగకుండా, నిటారుగా వచ్చింది. ఒరిగిపోయింది నాయనే. పోయినంతసేపూ వాంతులేనని జాలరి చేతులు తిప్పి చూపించాడు.

నాయన ఇసుకలో కూలబడి, నేనిచ్చిన సోడా తాగి, పడవను కాసేపు ముద్దుగా చూసుకున్నాడు.

"నాకు కట్టేదే ఇష్టం కణ్ణు, పోయేది కాదు. అండమానుకి ఇంకెవురన్నా పోనీ."