నాగవ్వ చెప్పిన సాక్ష్యం

బోధన్ బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ చూడగానే నాగవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. చదువు రాకపోతే మాత్రం మొగుడి బొమ్మను గుర్తుపట్టదా? ఆశన్న అందులో నిటారుగా నిలబడి ఉన్నాడు, ఎప్పుడో పెళ్లిలో దిగిన ఫోటో అది. చెరుకు లారీ మీంచి పడి నడుము విరిగి, అప్పటి నుంచి చక్రాల కుర్చీకే అంటుకుపోయిన మనిషి! కింద ఏం రాశారని పూలమ్మే ఆమెను అడిగింది.

"నీ పెనిమిటి లేచి నడిచిండట. ఐతారం చర్చిల నువ్వు సాక్ష్యం చెప్తవట."

నాగవ్వ నేరుగా పాస్టర్ రాజేందర్ ఇంటికి పోయింది. "అయ్యగారూ, గా బొమ్మేంది? మా ఆయన నడుస్తలేడు గద!"

"విశ్వాసంతో ముందే ప్రకటించాలమ్మా," అన్నాడాయన చల్లగా. "నువ్వు నోటితో ఒప్పుకుంటే నడుస్తాడు. లేకపోతే నీ అవిశ్వాసమే అడ్డమన్నట్టు. అట్లాంటివాళ్లకు సంఘంలో చోటుండదు."

చూశారా పెద్దమనిషి మాట! నడవలేనిది ఆశన్న, తప్పు నాగవ్వది!

ఆమెకు ఆ సంఘం తప్ప దిక్కు లేదని ఆయనకు బాగా తెలుసు. వెనకట కోటగిరిలో పొలం గెట్టు తగాదా వచ్చినప్పుడు బావ రాజనర్సు, ఆశన్న సొంత అన్న, ఆమెను కోర్టుకు తీసుకుపోయి, చూడనిది చూసినట్టు చెప్పమన్నాడు. సాక్ష్యమంటే ఏందని నాగవ్వ వకీలును అడిగింది. చూసింది చూసినట్టు చెప్పడమే అన్నాడు వకీలు. ఆమె అట్లాగే చెప్పింది, బావ కేసు ఓడిపోయాడు. ఆ కోపానికి ఆమె ప్రార్థనలకు పోవడం తోడైంది. ఇక ఆ ఇంట్లో పెళ్లికీ పిలుపు లేదు, చావుకీ కబురు లేదు. ఆశన్న మంచాన పడితే గంజి తెచ్చి పోసింది ఈ చర్చి వాళ్లే.

ఆదివారం ఆశన్నను కుర్చీతో సహా చర్చి సైకిళ్ల షెడ్డులో పెట్టారు, జనం కంట పడకుండా. ప్రాణమున్న మనిషిని సైకిళ్ల పక్కన! అది చూశాక నాగవ్వకు ఉన్న కాస్త జంకూ పోయింది. పాస్టర్ సాక్ష్యానికి పిలవగానే మైకు అందుకుంది.

"నా పెనిమిటి నడుస్తలేడు. నూనె రాసిండ్రు, పార్థన చేసిండ్రు, నేను మోకాళ్ల మీద ఏడ్చిన. ఐనా నడుస్తలేడు. షెడ్డుల ఉన్నడు, పోయి సూడుండ్రి. యేసయ్య నన్ను యాడికి తోల్కపోతుండో నాకు ఎర్కలేదు. ఎర్కలేకనే ఆయన ఎంబడి పోతున్న. దేవుని పేరు మీద అబద్ధం మాత్రం..."

మైకు ఆగిపోయింది. కీబోర్డు మోగింది, పాట ఎత్తుకున్నారు. ఒక్కరూ ఆమె వైపు చూడలేదు.

నాగవ్వ షెడ్డులోకి వచ్చి కుర్చీని రోడ్డు మీదికి తిప్పింది.

"ఇగ యాడికి పోదమే?" అన్నాడు ఆశన్న. "ఆడ అన్న పిలువడు, ఈడ వీళ్లు రానియ్యరు."

"నాకేమెర్క? ఆయన తోల్కపోతుండు, నేను నిన్ను తోస్తున్న. గట్టిగ పట్టుకో, ముంగట గుంత ఉన్నది."