అమ్మకు పోసిన బీట్‌రూట్ రసం

తెలంగాణ కోసం రోజుకో బంద్ నడుస్తున్న కాలంలో మా అక్క కోరుట్లలో ఇంటర్ చదివేది. మూడు కిలోమీటర్ల పరుగులో కాలేజీలో ఆమెను దాటేవాళ్లు లేరు. జగిత్యాలలో జిల్లా పోటీలు పెడతామన్నారు. ఆటల సారు అక్కను పిలిచి, "ఉరికేదానికి రెండు మూడు గంటల ముందు బీట్‌రూట్ రసం తాగు బిడ్డా. అండ్ల నైట్రేట్ ఉంటది. నెత్తురు మంచిగ పారుతది, దమ్ము ఎక్కువసేపు ఉంటది. అందరికీ ఒక్కతీరు పనిచెయ్యది గని, తాగి చూడు" అన్నారు.

అప్పటినుంచి మా ఇంట్లో రోజూ బీట్‌రూట్ తురుముడే. గుడ్డలో వేసి పిండి, గ్లాసుడు తాగి, బస్సుల్లేని కథలాపూర్ రోడ్డు మీద అక్క పరుగెత్తేది. రసం మహిమో కాదో గానీ, తిరిగొచ్చాక ఆయాసం లేకుండా నాతో ముచ్చట్లు పెట్టేది.

అమ్మకు మాత్రం ఊపిరి అందేది కాదు. ఏళ్ల తరబడి బీడీలు చేసి, తంబాకు దుమ్ము పీల్చి ఛాతీ పాడైంది. వాకిలి ఊడుస్తూ మధ్యలోనే కూర్చునేది. మందులు వాడుతూనే ఉన్నాం. బంద్‌ల వల్ల పోటీలు వాయిదా పడుతూ పోయాయి. ఒకరోజు అక్క తన గ్లాసు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

"నాకెందుకే? నేనేమన్న ఉరుకుతనా?"

"దమ్ముకు మంచిదటనే అమ్మా. తాగు."

అమ్మ ముఖం చిట్లించుకుని తాగింది. మర్నాడు మూత్రం ఎర్రగా వచ్చిందని బెదిరిపోయింది. "గది బీట్‌రూట్ రంగేనే" అని అక్క నవ్వింది. ఆ తర్వాత అమ్మ రోజూ తాగింది. ఆయాసం తగ్గలేదు. అక్క అడిగితే మాత్రం "ఇయ్యాల జరంత నయమున్నది" అనేది. అక్క కాలేజీకి వెళ్లాక నాతో, "దానికి చెప్పకు. పాపం, తను తాగేది నాకు పోస్తున్నది" అనేది.

ఆ చలికాలం అమ్మ పోయింది. బాపు సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసేవాడు. ఆరోజు బస్సులు బంద్. ఎవరిదో బండి పట్టుకుని వచ్చేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టారు.

పోటీలు ఎండాకాలంలో జరిగాయి. అక్క పోనంటే బాపే తీసుకెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. మొదటి రెండు చుట్లు అక్కే ముందు. తర్వాత ఉన్నట్టుండి పక్కకు వచ్చి నిలబడిపోయింది. ఏమైందోనని సారు పరుగెత్తుకెళ్లారు.

"దమ్మున్నది సార్. ఇంక ఉరకచ్చు. నాకే మనసయితలేదు" అని ఏడ్చింది.

బాపు ఆమె చెయ్యి పట్టుకుని, "పా బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు.

అక్క మళ్లీ ఎన్నడూ పరుగెత్తలేదు.